చుక్క ఆయిల్ లేదన్న ఇంజను

పోయిన వారం చిన్నమేస్త్రి తన పంతం నెగ్గించుకుంది. నాలుగేళ్ళుగా తమ మెకానిక్కు షెడ్డు వెనక పిచ్చిమొక్కల మధ్య వానకి నాని ఎండకి ఎండిన ఇటుకల లారీ ఇంజన్ని చైన్ పుల్లీతో పైకి లేపి, లోపలికి లాగి, ఇనుప స్టాండు మీద కూర్చోబెట్టింది. ఇంజను మళ్ళీ లేస్తే లారీని తన ఇటుకల బట్టీకి తిప్పుతాననీ, స్టీరింగు ఆమె మొగుడి చేతికే ఇస్తాననీ బట్టీ యజమాని మాట ఇచ్చాడు. ఆమె తండ్రి పెద్దమేస్త్రికి మాత్రం ఇది మొదటినుంచీ గిట్టలేదు. "అది శవం. శవానికి స్నానం చేయించి ఏం చేస్తావ్?" అని ముఖం తిప్పుకుని, ఏవో బోల్టులు కావాలంటూ ఇవాళ పొద్దున్నే బయటికి వెళ్ళిపోయాడు.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి ఒక్క మాట. ఆ ఇంజన్ని నాలుగేళ్ళ కిందట ఇదే షెడ్డులో పూర్తిగా విప్పి, బిగించి పంపారు. పంపిన పదకొండో రోజున లారీ ఇటుకల లోడుతో ఎత్తురోడ్డు ఎక్కుతుండగా ఇంజను ఉన్నట్టుండి పట్టేసింది. బ్రేకులు ఆ బరువుని ఆపలేకపోయాయి. లారీ వెనక్కి జారి కల్వర్టుని గుద్దుకుంది. లోడు మీద కూర్చున్న కూలీకి కాలు నుజ్జయింది. నడుపుతున్నవాడు పెద్దమేస్త్రికి సొంత అక్క కొడుకు, కూతురినిచ్చి ఇంకా ఏడాది తిరగని అల్లుడు. పొద్దున బయల్దేరేముందు ఆయిల్ చూశానని అతను ఒట్టేసి చెప్పాడు. కబురందుకుని వెళ్ళి, లారీని వంగి లేచి పరీక్షించిన పెద్దమేస్త్రి ఒకే మాట అన్నాడు, "చుక్క ఆయిల్ లేదు." మేస్త్రి మాటకి ఎదురేముంది? ఆ తరవాత అతనికి ఎవరూ బండి ఇవ్వలేదు. 'ఎండు డ్రైవరు' అన్న పేరు మాత్రం ఇచ్చారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని మనిషి బక్కపలచగా ఉన్నందుకే అనుకునేవాళ్ళు. ఇప్పుడతను మామగారి షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయే బళ్ళకి గాలి కొడుతున్నాడు.

చిన్నమేస్త్రి కూడా ఆ మాటే నమ్మింది. మొగుణ్ణి కాదు, తండ్రిని నమ్మింది.

పొద్దున్నుంచీ ఆమె ఒక్కతే ఇంజను మీద పడింది. పక్కన పాత టార్పాలిన్ మీద ఎక్కడెక్కడివో సామాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. బోల్తాపడ్డ ఇంకో లారీ నుంచి తెచ్చిన క్రాంకు, ఎవరూ ఎక్కని బస్సు నుంచి ఊడదీసిన హెడ్డు, మూలపడ్డ జనరేటరులోంచి దొరికిన మూడు పిస్టన్లు. అన్నీ చచ్చిన బళ్ళ అవయవాలే. వాటిని ఈ ఇంజనులో పెట్టేముందు దీని కడుపు కడగాలి.

గాలి పీల్చే గొట్టానికి మూత లేకపోవడంతో అందులో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉన్న ఇంజను కాబట్టి వాటికి ఆరు గదులు దొరికాయి. ఆమె చెయ్యి దూర్చి లాగితే కొరికేసిన గోనెపీచు వచ్చింది, సీటు స్పంజి వచ్చింది, ఎండి తోలైపోయిన పిల్లలు నాలుగు వచ్చాయి. చివర్లో వాటి తల్లి కాబోలు, ఇంకా పూర్తిగా ఎండనిది ఒకటి వేళ్ళ మధ్య మెత్తగా జారింది. ఆమె దాన్ని విసిరికొట్టి బయటికి పరిగెత్తి గోడ వారన వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేక పసరు మాత్రమే వచ్చింది.

"ఏమైంది?" ముందునుంచి మొగుడు కేకేశాడు.

"ఏం లేదు బావా. నీ లారీలో కాపురమున్నవాళ్ళు పలకరించారు."

"పాపం, వాళ్ళని ఖాళీ చేయించేశావా?" అని నవ్వాడతను. 'నీ లారీ' అంటే అతను నవ్వడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఆమెకి ఆ నవ్వు విని కాస్త ఓపిక వచ్చింది.

హెడ్డు విప్పితే నీళ్ళు తిరిగే సందుల్లోంచి ఎర్రటి తుప్పు బురద పుండు చితికినట్టు కారింది. మూడో సిలిండరులో పిస్టను గోడకి అతుక్కుపోయి ఉంది. చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టిన ప్రతిసారీ తుప్పు పొడి కళ్ళలో పడింది, నోట్లో పడింది. ఉమ్మితే ఎర్రగా వచ్చింది. ముఖం తుడుచుకుందామంటే ఒంటి మీద శుభ్రంగా ఉన్న చోటు ఒక్కటీ లేదు.

ఇక అడుగున ఆయిల్ చాంబరు. బకెట్టు పెట్టి కింది బోల్టు తీసింది. ముందు నీళ్ళు వచ్చాయి, మురిగిపోయిన గుడ్ల కంపుతో. అది ఆమె అనుకున్నదే. నాలుగు వానాకాలాలు గడిచాయి, నీళ్ళు దిగకుండా ఎలా ఉంటాయి? కొంగు ముక్కుకి చుట్టుకుని నీళ్ళు అయిపోయేదాకా కూర్చుంది. ఆ తరవాత ఏమీ రాకూడదు. ఆయిల్ లేక చచ్చిన ఇంజను కదా ఇది.

నీళ్ళ ధార ఆగింది. ఒక గుళుక్‌మన్న చప్పుడు. ఆ వెనకే నల్లటి చిక్కటి ధార ఒకటి తాడులా దిగడం మొదలుపెట్టింది.

ఆమె గబగబా బకెట్టు మార్చింది. సగం నిండింది. పూర్తిగా నిండింది. ఇంకో బకెట్టు తెచ్చింది. అదీ ముప్పాతిక వంతు నిండాక గాని ధార సన్నబడలేదు. ఆమె బకెట్టులో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూసింది. పాతబడింది, నల్లబడింది, కంపు కొడుతోంది. కానీ ఆయిలే. వాన నీళ్ళు పోస్తుంది గాని ఆయిల్ పోయదు. షెడ్డు వెనక ఇన్నేళ్ళూ ఈ ఇంజను ఆయిల్ మూత తీసినవాళ్ళు ఎవరూ లేరు.

చాంబరు ఊడదీస్తే అడుగున గోధుమరంగు ముద్ద, పాడైపోయిన మీగడలా పేరుకుని ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో తోడి రేకుడబ్బాలో వేసింది. మోచేతుల దాకా జిడ్డు. గోళ్ళ కింద జిడ్డు. అసహ్యంతో ఒళ్ళు జలదరిస్తున్నా చేతులు ఆపలేదు. ఇంజన్ని స్టాండు మీద తలకిందులు చేసి, క్రాంకుని పట్టి ఉంచే బేరింగుల మూతలు ఒక్కొక్కటే విప్పింది. మొత్తం ఏడు. మొదటి నాలుగు బేరింగులూ గీత పడకుండా వెండిలా ఉన్నాయి. అయిదోది నల్లగా కాలి ఉంది. ఆరోది, ఏడోది కరిగి, పెచ్చులు లేచి, మానని గాయాల్లా ఉన్నాయి.

ఆమె నేల మీద చతికిలబడి కూర్చుంది. ఆయిల్ లేకపోతే ఏడూ కాలాలి. నాలుగు బతికి మూడే చచ్చాయంటే, ఆయిల్ ముందుదాకా వచ్చి వెనక్కి వెళ్ళలేకపోయింది. ఆయిల్ వత్తిడి చూపే గేజీ ముందువైపుది కాబట్టి దానికి ఏ తేడా తెలిసి ఉండదు. 'గేజీ ముల్లు కదల్లేదు, అంతా బాగానే ఉంది' అని ఆ రోజు మొగుడు అందరి ముందూ మొత్తుకున్న మాట ఆమెకి ఇప్పుడు వినిపించింది.

ఇంజను బ్లాకు పొడుగునా లోపల ఒక సన్నటి సొరంగం ఉంటుంది, బేరింగులన్నిటికీ ఆయిల్ మోసుకెళ్ళే దారి. ముందు బిరడా తీసి అందులోకి తీగ పంపింది. తీగ నాలుగో బేరింగు దాటి ఆగిపోయింది. నెడితే మెత్తగా తగిలింది. వెనక బిరడా విప్పడానికి పానాకి గొట్టం తొడిగి మొత్తం బరువు వేయాల్సొచ్చింది. పాత సైకిలు చువ్వని కొక్కెంలా వంచి లోపలికి పంపి, తిప్పి, లాగింది. జారిపోయింది. మళ్ళీ లాగింది. మూడోసారికి జెర్రిలాంటిది ఒకటి నల్లటి జిగురు కారుతూ బయటికి వచ్చి ఆమె అరచేతిలో పడింది. ఆమె కెవ్వుమని చెయ్యి విదిలించబోయి, ఆగి, చూసింది.

గుడ్డ. జానెడు గుడ్డ పీలిక.

అప్పుడే పెద్దమేస్త్రి సంచితో లోపలికి వచ్చాడు. ఇంజను తలకిందులుగా ఉండటం, మూతలన్నీ విప్పి ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నాన్నా, ఇటు రా."

"ఇంకా వదల్లేదా దాన్ని?"

"దాదాపు రెండు బకెట్లు ఆయిల్ వచ్చింది."

"వాన నీళ్ళు అయ్యుంటాయి."

"వాన నీళ్ళు వేరే బకెట్టులో ఉన్నాయి. కావాలంటే వాసన చూడు. నలభై ఏళ్ళుగా వాసన చూసి ఏ ఆయిలో చెప్పే మనిషివి కదా."

పెద్దమేస్త్రి బకెట్ల వైపు చూడలేదు. సంచి కింద పెట్టలేదు.

"ఆ రోజు రోడ్డు మీద ఆయిల్ కొలిచే డిప్ స్టిక్కు తీసి చూశావా, లేదా?"

"చూశా."

"ఎంతుంది?"

బయట గాలి మిషను ధడధడలాడి ఆగింది. 

"నిండా ఉంది," అన్నాడు.

ఆమెకి పొద్దున విసిరికొట్టిన ఎలుక గుర్తొచ్చింది. తండ్రి మెడ మీద చెమట, సంచిని పట్టుకున్న వేళ్ళు, ఎటూ కాకుండా నేల చూస్తున్న ఆ కళ్ళు... చిన్నప్పుడు ఈ మనిషి చేతుల్లో ఆయిల్ వాసన ఆమెకి ఇష్టంగా ఉండేది. ఇప్పుడు దగ్గరికి వస్తాడేమోనని ఒక అడుగు వెనక్కి వేసింది.

"నిండా ఉందని తెలిసీ చుక్క లేదన్నావా? నీ పేరు నిలబెట్టుకోడానికి నా మొగుడి పేరు చెడగొట్టావా? నీ అక్క కొడుకు నాన్నా! నీ చేతుల మీద పెరిగినోడు! నాలుగేళ్ళుగా నీ గుమ్మంలో గాలి కొట్టుకుంటా కూర్చుంటే రోజూ వాడి పక్కన కూర్చుని ఎలా తిన్నావ్? ముద్ద ఎలా దిగింది నీకు?"

"దిగలేదు."

"దిగకపోతే ఇంత ఒళ్ళెలా వచ్చింది? థూ!" ఆమె గుడ్డని ఆయన ముఖం ముందు ఆడించింది. "ఇదిగో, నువ్వు మర్చిపోయిన గుడ్డ. దీని కోసం ఒక మనిషి కాలు పోయింది. ఇంకో మనిషి బతుకు పోయింది. నిన్ను చూస్తేనే రోత పుడుతోంది నాకు."

పెద్దమేస్త్రి అప్పుడు తలెత్తాడు.  తరవాత చాలా నెమ్మదిగా అన్నాడు.

"అలాగే అనుకో తల్లీ. నేనే మర్చిపోయాను. దాన్ని పొయ్యిలో పడెయ్యి. ఇంజను ఎలా బిగించుకుంటావో బిగించుకో, అడ్డం రాను."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకి తేడాగా అనిపించింది. వాదనలో ఓడిపోవడం తెలియని మనిషి ఆయన. ఆమె చేతిలోని గుడ్డని చూసింది. కిరసనాయిలు డబ్బాలో ముంచి పిండింది.

"వద్దు. కడగకు," అన్నాడు పెద్దమేస్త్రి. "అమ్మాయ్, చెప్తున్నా విను, కడగకు."

ఆమె రెండోసారి ముంచింది. మూడోసారి ముంచి రెండు వేళ్ళతో రుద్దింది. నలుపు విడిచింది. ఒక కొసన రెండు ముళ్ళు, ఒకదాని మీద ఒకటి. మధ్యలో వెలిసిపోయిన నీలం గళ్ళు.

నీలం గళ్ళ చొక్కా. పెళ్ళయిన కొత్తలో మొగుడి చొక్కా మోచేతి దగ్గర చిరిగితే, ఆమే పీలికలుగా చింపి షెడ్డుకి తెచ్చింది. పెద్దమేస్త్రి దారులు బ్రష్షుతో తోమి గాలి కొడతాడు. తీగకి గుడ్డ కట్టి లాగే అలవాటు ఈ షెడ్డులో ఒక్కరిదే. జారిపోకుండా రెండు ముళ్ళు వేసేదీ ఆ ఒక్కరే.

అంతా గుర్తొచ్చింది. తండ్రి మొదటిసారి ఒక ఇంజను బ్లాకుని పూర్తిగా ఆమె చేతికి వదిలిన రోజు అది. మధ్యాహ్నం వేళ తీగ లోపలుండగానే గుమ్మంలోంచి మొగుడు ఈల వేశాడు. ఇద్దరూ కలిసి అన్నానికి వెళ్ళారు. తిరిగొచ్చి, నవ్వుకుంటూ, తీగని బయటికి లాగి బిరడా బిగించింది. తీగ చివర గుడ్డ ఉందా లేదా అని చూడలేదు. చూసిన గుర్తు ఎంత వెతికినా ఆమెకి దొరకలేదు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. బ్లాకు అంచు పట్టుకుని నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"డిప్ స్టిక్కు చూసినప్పుడే. చాంబరు నిండా ఆయిలుంది, వెనకవైపు కాలిన వాసన. అంటే దారి మూసుకుంది. దారి కడిగిందెవరో నాకు తెలియదా?"

"నా పేరే చెప్పుండొచ్చు కదా!"

"చెప్తే? మగాడు తప్పు చేస్తే పలానావాడు తప్పు చేశాడంటారు. నువ్వు చేస్తే, ఆడదాని చేతికి పానా ఇచ్చాడు ముసలోడు, అంటారు. ఇంకెవడన్నా నీ చేత ఒక్క నట్టు తిప్పించుకుంటాడా? వాడు డ్రైవరు. ఈ బండి కాకపోతే ఇంకో బండి దొరుకుతుందనుకున్నా. ఇలా ఒక్కటీ దొరకదని అనుకోలేదు."

"దొరకలేదని తెలిశాక?"

"అప్పటికి అబద్ధం పాతబడిపోయింది తల్లీ. పాతబడిన కొద్దీ మూత తియ్యాలంటే భయం. అదిగో, ఆ చాంబరు లాగే."

అది విని ఆమెకి ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. తన చేతులు చూసుకుంటే రోత వేసింది. పోయినేడాది ఇదే షెడ్డు ముందు ఎవరిదో వ్యాను అడ్డంగా ఉందని మొగుడు నాలుగడుగులు జరపబోతే, పదిమంది ముందు ఆమె అతని చేతిలోంచి తాళం లాక్కుంది. "నీకెందుకు? నాన్న తీస్తాడు" అంది. అతను ఏమీ అనకుండా వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఆ లాక్కున్న చెయ్యి ఇదే.

"ఏంటి, ఇద్దరూ అలా నిలబడ్డారు?"

డ్రైవరు లోపలికి వచ్చాడు. లుంగీకి చేతులు తుడుచుకుంటూ, మామ ముఖమూ భార్య ముఖమూ మార్చిమార్చి చూశాడు. బకెట్లు చూశాడు. వాటి దగ్గర వంగి, ఆమె చేసినట్టే వేలు ముంచి రుద్దాడు. 

"ఉంది కదా," అన్నాడు చిన్నగా. "ఉందని చెప్పాను కదా మామయ్యా."

"నాదే తప్పురా," అన్నాడు పెద్దమేస్త్రి గబగబా. "ఆయిల్ దారిలో గుడ్డ మర్చిపోయాను. భయపడి నీ మీదికి తోశాను. కొడతావో, తిడతావో, నీ ఇష్టం."

ఆమె నోరు మూసుకుంటే చాలు. తండ్రి ఆ మాటని కాటికి మోసుకెళ్ళేలా ఉన్నాడు. షెడ్డు నిలబడుతుంది, చిన్నమేస్త్రి పేరు నిలబడుతుంది, మొగుడికి లారీ వస్తుంది. ఆమె కళ్ళ ముందు ఇందాక తోడిపోసిన గోధుమరంగు ముద్ద కదిలింది.

"నాన్న అబద్ధం చెప్తున్నాడు బావా," అంది. "గుడ్డ నాది. నీ చొక్కాదే. ఆ రోజు నువ్వు ఈల వేస్తే లేచొచ్చాను కదా, అప్పుడు వదిలేశాను. నాన్నకి మొదటినుంచీ తెలుసు. నాకు ఇప్పుడే తెలిసింది."

అతను గుడ్డని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. గళ్ళు చూశాడు. ముళ్ళని వేలితో తడిమాడు. అరుస్తాడని ఆమె కాచుకుంది. అరిస్తే భరించగలిగేది.

"గుడ్డ సంగతి సరే," అన్నాడతను. "పనిలో మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. ఆయిల్ చూశానని నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పాను. నువ్వెందుకు నమ్మలేదు?"

ఆమె చూపు గుమ్మం బయట అతని బల్ల మీదికి వెళ్ళింది. 

బయట జీపు హారను రెండుసార్లు మోగింది. బట్టీ యజమాని, చెప్పిన రోజు కంటే ముందే. పెద్దమేస్త్రి అల్లుడి మణికట్టు పట్టుకున్నాడు. "ఒరే, ఆయనకి మాత్రం నా పేరే చెప్పు. దాని పేరు చెప్పావా, ఇంజను ఈ గుమ్మంలోంచి ఇవాళే ఎత్తుకుపోతాడు. ఇక ఈ చేతులతో అది ఏ బండీ ముట్టుకోలేదు."

డ్రైవరు చెయ్యి విడిపించుకున్నాడు. కిరసనాయిలు కారుతున్న గుడ్డతోనే బయటి వెలుతురులోకి నడిచాడు. ఆమె వెనకాలే గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

"ఏమయ్యా," యజమాని జీపు దిగకుండానే అడిగాడు. "ఇంజను విప్పారట కదా. ఆ రోజు ఎందుకు పట్టేసిందో తెలిసిందా?"

డ్రైవరు ఒక్కసారి వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు. అతను మళ్ళీ యజమాని వైపు తిరిగాడు.

"తెలిసిందండీ," అన్నాడు.